ముహూర్తం వెలుతురుకు ఏ లెన్సు?



ప్రొద్దుటూరులో పెండ్లి ఫొటోలకు బేరం మాట్లాడుకునేటప్పుడు పెండ్లివాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఏం కెమెరా వాడతావన్నా?" ఫొటోగ్రాఫర్ ఏదో మోడల్ పేరు చెబుతాడు. విన్నవాళ్లు తలూపుతారు. "ఏం లెన్సు వేస్తావు?" అని అడిగేవాళ్లు అరుదు. నిజానికి అడగాల్సింది అదే. ఆల్బమ్‌లో పెండ్లికూతురి ముఖం ఎలా వస్తుందో, వెనకాల ఎల్ఈడీ బోర్డు కంట్లో ఎంత గుచ్చుకుంటుందో, చీకటి మూలల్లో రంగులు నిలుస్తాయో చెదురుతాయో తేల్చడంలో కెమెరా బాడీ కంటే లెన్సుదే పైచేయి. కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రాళ్లు మాత్రం అప్పో సప్పో చేసి ఉన్న డబ్బంతా బాడీ మీద పెడతారు. ఆ డబ్బాలోనే వచ్చిన కిట్ లెన్సుతో ముహూర్తానికి పోతారు. ఖరీదైన పొరపాటు అక్కడే మొదలవుతుంది.

కిట్ లెన్సు అంచు మీద 18-55 అని, దాని పక్కన 3.5-5.6 అని చిన్న అంకెలు ఉంటాయి. మొదటి జంట, ఆ లెన్సు ఎంత వెడల్పు నుంచి ఎంత దగ్గర వరకూ చూడగలదో చెబుతుంది. రెండో జంట వెలుతురు లెక్క. లెన్సు లోపల రేకులతో చేసిన రంధ్రం ఉంటుంది, దాన్నే అపర్చర్ అంటారు. చెరువు తూము ఎంత తెరిస్తే కాలవలోకి అన్ని నీళ్లు వచ్చినట్టు, ఆ రంధ్రం ఎంత విచ్చుకుంటే అంత వెలుతురు లోపల పడుతుంది. తమాషా ఏమంటే, ఎఫ్ అని పిలిచే ఆ రెండో అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. కిట్ లెన్సును 55 దాకా జూమ్ చేస్తే అది 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. పది పదిహేను వేలకు దొరికే 50 ఎంఎం లెన్సు 1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి చూడండి. దాదాపు పది వస్తుంది. అంటే చవకైన ఆ చిన్న లెన్సు, కిట్ లెన్సు కంటే పదింతల వెలుతురును లోపలికి రానిస్తుంది. వెలుతురు చాలక కెమెరా సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓను 6400కు పెంచి, ముఖాల మీద రవ్వ చల్లినట్టు నాయిస్ తెచ్చుకునే చోట 640తో పని జరిగిపోతుంది. బాడీ మార్చడానికి లక్ష రూపాయలు పోసినా ఇంత తేడా రావడం కష్టం.

ఈ లెక్క మన సీమలో ఎందుకు అంత ముఖ్యమంటే, ఇక్కడ ముహూర్తాలు ఫొటోగ్రాఫర్ సౌకర్యం చూసి పెట్టరు. రాత్రి పదకొండుకు ఉంటాయి, తెల్లవారుజామున నాలుగుకూ ఉంటాయి. పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి ముందు షామియానా వేసి చేసే పెండ్లి అయితే, ఎర్రగుడ్డ రంగు, పచ్చగుడ్డ రంగు అందరి ముఖాల మీదా పడుతుంది. ప్రొద్దుటూరు కల్యాణమండపాల్లో కథ వేరు. స్టేజీ వెనకాల వెలిగిపోయే ఎల్ఈడీ తెర, పైన రంగురంగుల లైట్లు, పక్కనుంచి వీడియో ఆయన పట్టుకున్న లైటు, మధ్యలో హోమం పొగ. ముఖాల మీద మాత్రం చాలినంత వెలుతురు ఉండదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దాంతో నాసిరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి ఇది తెలీదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగం బాగా పెంచి తీస్తే ఒక ఫొటో తెల్లగా, దాని వెంటనే తీసింది మసగ్గా వస్తుంది. కొన్నిసార్లు ఫొటోకు అడ్డంగా చారలు పడతాయి. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో దించితే చాలావరకు సర్దుకుంటుంది. కానీ ఆ వేగంలో తలంబ్రాలు పోస్తుంటే బియ్యపు గింజలు గీతలైపోతాయి. అప్పుడు ఫ్లాష్ కావాల్సిందే. "లెన్సులో స్టెబిలైజర్ ఉంది కదా" అని కొందరు ధీమాగా ఉంటారు. అది ఆపేది ఫొటోగ్రాఫర్ చేతి వణుకును. ఎగిరే గింజను, ఊగే జడను, పకపకా నవ్వే మరదలిని అది ఆపలేదు. అందుకే కొత్తవాళ్లకు ఇచ్చే సలహా వరసలో 50 ఎంఎం తర్వాత రెండో వస్తువు ఇంకో లెన్సు కాదు. ఒక మంచి ఫ్లాష్, దాని వెలుతురును తెల్లటి సీలింగుకో గొడుగుకో తగిలించి తిప్పికొట్టే నేర్పు.

ముఖాల ఫొటోకు వెలుతురు చాలకపోవడం కొత్త బాధ కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్స్వాల్ అనే గణిత ఆచార్యుడు ప్రత్యేకంగా ముఖాల కోసమే ఒక లెన్సు లెక్కగట్టాడు. దాని అపర్చర్ ఎఫ్ 3.6. ఈ రోజు అది పెద్ద గొప్ప అనిపించదు కానీ, అప్పటి లెన్సుల ముందు అది ఎన్నో రెట్ల వెలుతురు. దాంతో నిమిషాల పని నిమిషంలోపుకు వచ్చింది. ఆ లెన్సుతో తీస్తే నడిమధ్య పదునుగా, అంచులు మెత్తగా వచ్చేవి. ముఖం తేటగా, వెనకంతా కరిగిపోయినట్టు ఉండే ఫొటో మీద జనానికి మోజు అప్పటినుంచే ఉంది. ఇప్పుడు మన పిల్లలు "బ్లర్ బాగా రావాలన్నా" అని అడిగేది దాని కొనసాగింపే.

తెలుగు నేల మీద ఈ పనికి పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్‌ది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. స్త్రీల ఫొటోలు తీయాలంటే పరికరాల కంటే ముందు వాళ్ల మొహమాటాన్ని గుర్తించాలని ఆయనకు తెలుసు. పెండ్లికూతురి గదిలోకి వెళ్లి, రెండడుగుల దూరం నుంచి వైడ్ లెన్సు ముఖం మీద పెట్టే ఫొటోగ్రాఫర్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

అంత దగ్గరగా పోతే మర్యాద ఒక్కటే కాదు, ముఖం కూడా చెడుతుంది. ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. దీనికి లెన్సును తిడతారు గానీ, తప్పు దూరానిది. ఆరు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో నిలబడితే ముఖం ఉన్నదున్నట్టు వస్తుంది. అంత దూరం నుంచి ముఖమూ భుజాలూ ఫ్రేమ్ నిండా రావాలంటే పొడవాటి లెన్సు కావాలి. అందుకే పోర్ట్రెయిట్ అంటే 85 ఎంఎం అని పేరు పడింది. అయితే ఆ మాట ఫుల్ ఫ్రేమ్ కెమెరాలను ఉద్దేశించి పుట్టింది. మన ఊళ్లలో కొత్తవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది చిన్న సెన్సార్ ఉన్న క్రాప్ బాడీ. కేనన్ అయితే 1.6తో, నికాన్, సోనీ అయితే 1.5తో హెచ్చవేసుకోవాలి. అంటే క్రాప్ బాడీ మీద 50 ఎంఎం లెన్సే 75, 80 ఎంఎంలా చూస్తుంది. చవకగా దొరికే పోర్ట్రెయిట్ లెన్సు చేతిలో ఉండగానే, నలభై వేల అటూ ఇటూ పెట్టి 85 ఎఫ్ 1.8 కోసం పరుగెత్తడం తొందరపాటు.

85 చెడ్డదని కాదు. మండపంలో చోటు చాలదు. క్రాప్ బాడీ మీద 85 వేసి, నిలబడిన మనిషిని తల నుంచి కాళ్ల దాకా పట్టాలంటే సుమారు 22 అడుగులు వెనక్కి జరగాలి. 50 అయితే 13 అడుగులు. పెండ్లిలో 22 అడుగుల ఖాళీ ఎక్కడుంది? ఫొటోగ్రాఫర్‌కూ పీటలకూ మధ్య వీడియో ఆయన, అతని సహాయకుడు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న మేనత్తలు, అక్షింతల పళ్లెంతో తిరిగే చిన్నాన్న ఉంటారు. వాళ్లను జరగమనడానికి ఫొటోగ్రాఫర్ ఎవరు? అందుకే పీటల దగ్గర అసలు పని చేసేది 17-50 లాంటి ఎఫ్ 2.8 జూమ్. సిగ్మా, టామ్రాన్ కంపెనీలు కేనన్, నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకు ఇలాంటివి చాలా ఏళ్లుగా చేశాయి. ఎఫ్ 2.8 అంటే, కిట్ లెన్సు కొసన ఉన్న 5.6 కంటే నాలుగింతల వెలుతురు. సోనీ మిర్రర్‌లెస్ వాళ్లకు టామ్రాన్ 17-70, సిగ్మా 18-50 ఉన్నాయి. ఆ సిగ్మా లెన్సును 2024లో కేనన్ ఆర్ఎఫ్ మౌంటుకూ తెచ్చారు. ఫుల్ ఫ్రేమ్ మీద పనిచేసేవాళ్లకు టామ్రాన్ 28-75 ఉంది. కెమెరా కంపెనీల సొంత 24-70 ఎఫ్ 2.8 లక్షన్నర, రెండు లక్షలు పలికే చోట ఇది సగం కంటే తక్కువకు వస్తుంది. రెండు లెన్సులతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఆల్బమ్ షీటు మీద తేడా చెప్పమంటే చెప్పగలిగే పెండ్లివారు తక్కువ.

ఇక ప్రొద్దుటూరు అసలు పరీక్ష బంగారం. ఇది బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. ఇక్కడి పెండ్లి ఆల్బమ్‌లో కాసులపేరు కాసుకు కాసు కనబడాలి, వడ్డాణం మీద పనితనం తెలియాలి, జడబిల్లలు లెక్కపెట్టేలా ఉండాలి. 50 ఎంఎం కొన్న కొత్తలో కుర్రాళ్లు 1.8 దగ్గరే తాళం వేసినట్టు అన్నీ అక్కడే తీస్తారు. ఫుల్ ఫ్రేమ్ మీద 85ను 1.8కి తెరిచి, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే పదునుగా వచ్చే మందం ఆరు సెంటీమీటర్లు మాత్రమే. క్రాప్ మీద 50తో మీటరున్నర నుంచి తీసినా అంతే. కళ్లు బాగుంటాయి, చెవి బుట్టలు మసకబారతాయి, నడుం దగ్గర వడ్డాణం బంగారపు మబ్బు. మర్నాడు పెండ్లికూతురి తల్లి అడిగే మొదటి ప్రశ్న దాని గురించే. అపర్చర్‌ను 4కు మూస్తే ఆ ఆరు పదమూడు అవుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఇద్దరి ముఖాలూ ఒకే వరసలో ఉండవు కాబట్టి అక్కడ కూడా 4కు తగ్గకుండా ఉండటమే క్షేమం. రెండు మూడు వరసల గ్రూప్ ఫొటోకు 5.6 లేదా 8, పైన ఫ్లాష్. గ్రూప్ ఫొటోకు పాత కిట్ లెన్సే బ్రహ్మాండంగా సరిపోతుంది, దాన్ని అమ్మేయొద్దు. ఒక్క జాగ్రత్త. దాన్ని 18 దగ్గర పెట్టి తీస్తే వరస చివర నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగుతారు. అత్తగారిని ఆ చివర నిలబెట్టకుండా ఉంటే మిగతా డబ్బులు సకాలంలో వస్తాయి.

మంగళసూత్రం, ఉంగరం, గోరింటాకు లాంటివి దగ్గరగా తీయడానికి మాక్రో లెన్సు కొనాల్సిన పని లేదు. 50 ఎంఎంకూ బాడీకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఉంటాయి. వాటిలో అద్దం ఉండదు, ఉత్త గొట్టాలు. ఆటోఫోకస్ కనెక్షన్ ఉన్నవి తీసుకుంటే కొద్ది వేలలో పని అయిపోతుంది.

జమ్మలమడుగు వైపు వస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడికి దగ్గర్లోనే గండికోట. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ, ఎర్రటి రాతి కోట, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు. ప్రీ-వెడ్డింగ్ ఫొటోలకు ఎంతెంత దూరం నుంచో జంటలు వస్తున్నాయి. ఇక్కడ వెలుతురు కరువు లేదు, మోతాదు మించి ఉంది. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100 పెట్టి 1.8 దగ్గర తీయాలంటే షట్టర్ సెకనులో 8000వ వంతు దాకా పోవాలి. చిన్న బాడీలు 4000 దగ్గరే ఆగిపోతాయి. ఫొటో తెల్లగా కాలిపోతుంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయాలి, లేదంటే అపర్చర్ మూయాలి. మూయాల్సి వచ్చినప్పుడు 1.8 లెన్సుకూ కిట్ లెన్సుకూ తేడా ఏముంది? కోట అందం పట్టడానికి 18 దగ్గర కిట్ లెన్సు, ఎఫ్ 8 చాలు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత తీస్తే ముఖాల మీద నీడలూ గుచ్చుకోవు.

గండికోటలో చాలామంది చేసే పని వైడ్ లెన్సుతో లోయ మొత్తం పట్టాలనుకోవడం. జంట పెద్దగా, వెనక లోయ పిల్లకాలవలా వస్తుంది. దానికి మందు చవకైన 55-250 లాంటి టెలిఫొటో. జంట లోయకు ఈవల, ఫొటోగ్రాఫర్ వాళ్లకు చాలా దూరంగా, లెన్సు 135 దగ్గరో 200 దగ్గరో. అప్పుడు ఆవలి గట్టు ఎర్రటి గోడలా లేచి జంట వెనకాలే నిలబడినట్టు ఉంటుంది. రాత్రి మండపంలో పనికిరాని ఈ లెన్సు పగటి లోయలో లక్ష రూపాయల లెన్సుకు దీటుగా నిలుస్తుంది. లోయ అంచున ప్రైమ్ (50 లాంటి జూమ్ లేని లెన్సు) కంటే జూమ్ మేలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రైమ్ చేతిలో ఉంటే ఫ్రేమ్ కోసం కన్ను వ్యూఫైండర్‌లో పెట్టి వెనక్కి నడవాలి. గండికోటలో అది చేయకూడని పని. ఈదురుగాలిలో దుమ్ము లేస్తుంటే బయట లెన్సు మార్చడం కూడా అలాంటిదే. కారు అద్దాలు ఎత్తుకుని లోపల మార్చుకోవాలి.

ఫొటోగ్రఫీలో మన జిల్లాకు పాత పరపతే ఉంది. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' దర్శకుడు బి.ఎన్.రెడ్డిది పులివెందుల ప్రాంతమే. ఆ సినిమాకు ఆది ఎం. ఇరానీతో కలిసి ఛాయాగ్రహణం చేసింది ఆయన సోదరుడు బి.ఎన్.కొండారెడ్డి. అయితే మద్రాసు స్టూడియోలో వెలుతురు దర్శకుడు చెప్పిన చోట పడేది. పెండ్లి మండపంలో అది పురోహితుడి చేతిలోనూ, డెకరేషన్ వాళ్ల చేతిలోనూ ఉంటుంది. కాబట్టి పెండ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్న స్వేచ్ఛ ఒక్క లెన్సే.

సెకండ్ హ్యాండ్ మాటకొస్తే, ఇది కొనేవాడికి మంచి కాలం. స్టూడియోలు ఒక్కొక్కటీ మిర్రర్‌లెస్‌కు మారుతున్నాయి, మంచి డీఎస్ఎల్ఆర్ లెన్సులు తక్కువకు అమ్మకానికి వస్తున్నాయి. కేనన్ ఈఎఫ్ లెన్సు అడాప్టర్‌తో కొత్త ఆర్ఎఫ్ బాడీ మీద చక్కగా పనిచేస్తుంది, కాబట్టి డబ్బు వృథా కాదు. నికాన్ వాళ్లు మాత్రం లెన్సు పేరు చివర అక్షరం చూసుకోవాలి. 50 ఎంఎం 1.8డి పాత లెన్సు చవక. దానిలో మోటారు ఉండదు. 3000, 5000 వరస నికాన్ బాడీల్లోనూ మోటారు ఉండదు. రెండూ కలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే, ముహూర్తం గంటలో అది కుదిరే పని కాదు. వాటికి 1.8జీ కావాలి.

కొనేముందు లెన్సును ఫోన్ టార్చి వెలుతురుకు అడ్డంగా పట్టి రెండు వైపులనుంచీ చూడాలి. ఒకటి రెండు దుమ్ము కణాలు ఉంటే నష్టం లేదు. సన్నటి తెల్లటి దారాలు కొమ్మలేసి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే వద్దు. తర్వాత ఒక దినపత్రికను బల్ల మీద పరిచి, ఏటవాలుగా నిలబడి, మధ్యలో ఒక హెడ్డింగ్ మీద ఫోకస్ చేసి 1.8 దగ్గర తీయండి. ఆ హెడ్డింగ్ మసకేసి, దాని పైనో కిందో ఉన్న వరస పదునుగా వస్తే ఆ లెన్సుకూ మీ బాడీకీ జోడీ కుదరలేదు. మిర్రర్‌లెస్ బాడీల్లో ఈ బాధ దాదాపు లేదు.

మరి డబ్బు ఎంత, వరస ఏది? క్రాప్ బాడీ, కిట్ లెన్సు ఉన్న కుర్రాడి చేతిలో ఇరవై వేలుంటే 50 ఎఫ్ 1.8, మిగిలిన దానితో ఫ్లాష్. మరో సీజన్ సంపాదన వచ్చాక సెకండ్ హ్యాండ్ ఎఫ్ 2.8 జూమ్. ఔట్‌డోర్ పని వస్తుంటే 55-250. ఫుల్ ఫ్రేమ్‌కు మారిన రోజున 85 ఎఫ్ 1.8. అదప్పుడు తన అసలు పని చేస్తుంది. 70-200 ఎఫ్ 2.8 పెద్ద పెండ్లి ఒప్పుకున్న రోజున అద్దెకు తెచ్చుకుంటే చాలు, ఆ అద్దెను ప్యాకేజీలో ముందే కలుపుకోవాలి. ఎఫ్ 1.2, 1.4 లాంటివి వెలుతురు కంటే మురిపానికే ఎక్కువ.

అన్నిటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. పోయిన సీజన్‌లో తీసిన పెండ్లి ఫోల్డర్ కంప్యూటర్‌లో తెరిచి, ఆల్బమ్‌కు ఎంపికైన ఫొటోల వివరాలు చూడండి. ప్రతి ఫొటోలోనూ అది ఏ ఎంఎం దగ్గర తీశారో రాసి ఉంటుంది. ఎక్కువ భాగం 18 నుంచి 35 లోపు ఉంటే మీకు కావాల్సింది జూమ్, 50 దగ్గర పోగుపడి ఉంటే ప్రైమ్. ఆ లెక్క చూడకుండా యూట్యూబులో ఎవరో చెప్పింది విని కొనకండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢంలోనూ ఉండవు. కొనేదేదో అప్పుడు కొని ఇంట్లోవాళ్ల ముఖాల మీద, రాత్రి బజారు లైట్ల కింద, అమ్మవారిశాల వీధిలో నాలుగు వారాలు చేయి తిప్పుకోండి. శ్రావణం తొలి ముహూర్తానికి మాత్రం ముందురోజు కొన్న లెన్సుతో వెళ్లకండి.